ఎక్కడైనా పర్లేదన్నవాళ్ల కోసం ఒక టేబుల్

"ఎక్కడైనా పర్లేదు" అన్న మాట నమ్మి నేను చాలాసార్లు మోసపోయాను. నాకు తెలిసినంతలో ఆ మాట అన్నవాళ్లెవరికీ ఎక్కడా కుదరదు.

జర్మనీలో వాల్డార్ఫ్ పక్కన ఒక చిన్న ఊళ్లో ఉంటాం, నేను, మా ఆయన, మా పాప. ఎండ కాసే వారాంతాల్లో మాతోపాటు ఇంకో జంట బయల్దేరుతుంది. మా వీధి చివర ఉండే కరీంనగర్ వాళ్లు. రక్తసంబంధం ఏమీ లేదు. కానీ ఈ దేశం వచ్చిన కొత్తలో మాకు ఇల్లు దొరికేదాకా వాళ్లింట్లోనే ఉన్నాం, వాళ్లు పెట్టిందే తిన్నాం. అప్పటి నుంచి ఆవిడ నాకు వదిన, ఆయన అన్నయ్య. వాళ్ల మాట నేను తీసేయలేను.

ఏ ఊరు వెళ్లాలో మగవాళ్లు తేలుస్తారు. అక్కడ ఎక్కడ తినాలో నేను చూడాలి. ఎందుకంటే నాకు జర్మన్ వచ్చు. వాళ్లకూ వచ్చు గానీ, హోటల్‌కు ఫోన్ చేసి సూప్‌లో మాంసం ఉడికించిన నీళ్లు పోస్తారా అని అడిగేంత రాదు. నా జర్మన్ ఆఫీసులో కన్నా ఈ ఫోన్లలోనే పదునెక్కింది. కూరగాయల సూప్ అంటారు, తీరా చూస్తే అడుగున పందిమాంసం ముక్కలు కనబడతాయి. అవి మాంసం కిందకు రావని నమ్మే వంటవాళ్లు ఇంకా ఉన్నారు.

వారాంతం అంటేనే శనివారం. శనివారం వదినకు వెంకటేశ్వరస్వామి వారం, గుడ్డు వాసన కూడా పనికిరాదు. బీఫ్ పేరు మెనూలో కనబడితే చాలు, అన్నయ్య ఆ మెనూ మూసేస్తాడు. మా ఆయనకు అన్నం లేని పూట పూటే కాదు. పాపకు పోమెస్, అంటే బంగాళదుంప వేపుళ్లు, లేని హోటల్ హోటలే కాదు. అందరూ మంచివాళ్లే, అందరూ నావాళ్లే. మధ్యలో నేను అడకత్తెరలో పోకచెక్కను. చివరికి ఏ ఊరు పోయినా ఇండియన్ రెస్టారెంటే గతి. కోట చూసినా, నది చూసినా, ఆ తర్వాత తినేది అదే నారింజ రంగు పనీరు. బాగుంటే ఎవరూ మాట్లాడరు. బాగోకపోతే "నువ్వే చూసినవ్ గద" అంటుంది వదిన. కోపంగా అనదు, మామూలుగానే అంటుంది. నాకు మాత్రం ఆ పూట ముద్ద దిగదు.

అయితే నాకూ ఒక కోరిక ఉండేది. ఫాల్జ్ వైపు, ద్రాక్షతోటల మధ్య ఒక ఊరుంది. ఊరి చివర అక్రోటు చెట్టు కింద బల్లలు వేసిన పాత గాస్ట్‌హౌస్, అంటే పల్లెటూరి హోటల్. ఒకసారి ఆఫీసు వాళ్లతో వెళ్లాను. అక్కడ డాంప్ఫ్‌నూడెల్ చేస్తారు. మూత పెట్టిన ఇనుప పెనంలో ఆవిరికి పొంగిన పిండిముద్ద అది. పైన మెత్తగా ఉంటుంది, అడుగు ఉప్పగా, కరకరలాడుతూ ఎర్రగా కాలి ఉంటుంది. పక్కన వేడి వెనీలా సాస్ పోస్తారు. దిబ్బరొట్టె మాడుచెక్క కోసం కొట్లాడుకున్న ఇంట్లో పుట్టినదాన్ని. మొదటి ముక్కకే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకొక్కసారి ఆ చెట్టు కింద కూర్చుని, ఎవరికీ జవాబు చెప్పే పని లేకుండా, అది వేడిగా తినాలి. నేను కోరుకున్నది అంతే.

ఒక్కదాన్నే వెళ్లి తినొచ్చు కదా అంటారేమో. మంచిది దొరికితే మనవాళ్లను వదిలేసి తినడం నాకు చేతకాదు. అందుకని మొన్న మే నెలలో అందరినీ అక్కడికే తీసుకెళ్లాను.

ముందే ఫోన్ చేశాను. పిండిలో గుడ్డు వేస్తామని చెప్పింది హోటల్ ఆవిడ. ముందురోజు చెబితే మాత్రం వేయకుండా కలుపుతానంది. దాంతో ఇచ్చే సూప్‌లో మాంసం ముక్కలు వేయనంది. తీరా ఆ రోజు వదిన పూజ, అన్నయ్య రెండో చాయ్, మా ఆయన పెట్రోలు అయ్యేసరికి ఆలస్యమైంది. ఇక్కడ మధ్యాహ్నం రెండింటికి వంటిల్లు మూసేస్తారు. దారిలో మళ్లీ ఫోన్ చేసి బతిమాలాను. "రండి, మీకోసం పొయ్యి ఆర్పను" అంది ఆవిడ.

చెట్టు కింద కూర్చున్నాం. మెనూ అంతా నేను చదివి తెలుగులో చెప్పాను.

"నీ ఇష్టం చెల్లె, నువ్వేది చెప్తే అదే" అన్నాడు అన్నయ్య. చెప్పాక, "గీండ్ల కారం ఏమన్న ఉంటదా?" అన్నాడు.

వదిన హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఆవకాయ డబ్బా తీసింది. పెళ్లికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్లడం అంటే ఇదే. బయటి తిండి ఇక్కడ ఒప్పుకోరు కాబట్టి, లోపలికి వెళ్లి అడిగి వచ్చాను. అందరికీ డాంప్ఫ్‌నూడెల్ ప్లేట్లు వచ్చాయి.

"గుడ్డు లేదు గద? మల్లొక్కసారి అడగరాదు" అంది వదిన.

మళ్లీ లేచాను. లేదు, నా చేత్తోనే కలిపానంది హోటల్ ఆవిడ. తిరిగొచ్చేసరికి, "ఇది భోజనమా, టిఫినా?" అని మా ఆయన. పోమెస్ ఎందుకు లేవని పాప. అందరికీ సమాధానం చెప్పి చెంచా ముంచేసరికి నా ముద్ద చల్లారిపోయింది, కరకరలాడాల్సిన అడుగు సాస్‌లో నాని సాగుతోంది. పాప నన్నే చూస్తూ "మామా, డు ఇస్ట్ యా గార్ నిష్ట్స్" అంది. అమ్మా, నువ్వసలు తినడమే లేదుగా అని. నాకు ఏడుపొచ్చింది. సాస్ వేడిగా ఉందన్నాను.

వదిన మాత్రం ఆవకాయ నంజుకుంటూ ప్లేటు ఖాళీ చేసింది. "మంచిగనే ఉన్నది. ఇగ ఎప్పటికీ నువ్వే చూడు" అంది. మనసారా మెచ్చుకుంది. బాగోలేదంటే నా తప్పవుతుంది, బాగుందంటే ఆ పని జన్మంతా నాదే అవుతుంది. ఇందులోంచి బయటపడే దారి నాకు కనబడలేదు.

రెండు వారాల తర్వాత ఒక బుధవారం సెలవు పెట్టాను. ఇంట్లో చెప్పలేదు. పాపను బడిలో దింపి, మధ్యాహ్నానికి ఆ ఊరు చేరాను. దొంగతనానికి వచ్చినట్టు అటూ ఇటూ చూశాను. చెట్టు కింద అదే బల్ల దగ్గర కూర్చున్నాను. హోటల్ ఆవిడ గుర్తుపట్టి నవ్వింది, ఏం కావాలంది.

కారులో వచ్చినంతసేపూ అనుకుంటున్న మాటే, ఒక డాంప్ఫ్‌నూడెల్, వేడిగా. నోరు తెరిచాను.

"ఒక డాంప్ఫ్‌నూడెల్. గుడ్డు లేకుండా దొరుకుతుందా?"

తడబడకుండా, చక్కటి జర్మన్‌లో వచ్చింది. ఆవిడ నా చుట్టూ ఉన్న ఖాళీ కుర్చీలు చూసింది. తర్వాత రోడ్డు వైపు చూసింది, మిగతావాళ్లు కారు పెట్టి వస్తున్నారేమోనని.

"ఇవాళ గుడ్డు తినకూడనిది ఎవరు?" అని అడిగింది.

నేను పొద్దున ఆమ్లెట్ తినే బయల్దేరాను. ఆవిడ జవాబు కోసం నిలబడే ఉంది. నేనూ రోడ్డు వైపు చూశాను.