నాయన తుపాకి కాని తుపాకి

నాయన పోయిన రెండో నెలలో, ఆయన తుపాకిని అప్పగించే కాగితాలు పట్టుకుని పెనుకొండ పోలీస్ స్టేషన్‌కు పోయాను. మా శెనక్కాయ చేను ఆ పక్కన ఉండేది. అడవిపందులను బెదిరించడానికి తీసుకున్న లైసెన్సు అది. చేను అమ్మేశాక నాయన హిందూపురంలో మా ఇంటికి వచ్చేశాడు. తుపాకి కూడా గోనెపట్టాలో చుట్టుకుని వచ్చి, బీరువా వెనక సర్దుకుంది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా తుపాకులు స్టేషన్‌లో పెట్టి, ఓట్లయ్యాక తెచ్చుకోవాలి కదా. నాయన పట్టా విప్పకుండానే ఇచ్చేవాడు, విప్పకుండానే తెచ్చుకునేవాడు. స్టేషన్ వాళ్ళు కిందటిసారి రసీదు చూసి ఈసారి రసీదు రాసేవాళ్ళు.

స్టేషన్ రైటర్ ఫోన్లో ఫోటో చూపించమన్నాడు. ఆయనా రైటరే, పత్రికలకు నాలుగు కథలు రాసిన నేనూ రైటర్నే. తేడా ఏమిటంటే, ఆయన రాసింది చెల్లుతుంది.

"సార్, లైసెన్సులో ఉండేది పందుల్ని తరిమే ఒంటిగొట్టం తుపాకి. ఇదేందో మిలిటరీ రైఫిల్."

"దీనికీ గొట్టం ఒకటే కదప్పా."

"నవ్వులాట కాదు సార్. లైసెన్సులో లేని తుపాకి ఇంట్లో పెట్టుకుంటే ఒక కేసు. లైసెన్సులో ఉండే తుపాకి లేకపోతే ఇంకో కేసు."

ఉన్నందుకొకటి, లేనందుకొకటి. పిల్లలకు లెక్కలు చెప్పి బతికే నాకు ఈ కూడిక అర్థమైంది. కేసు పడితే మొదట పోయేది బడి ఉద్యోగమే. ఎన్నికల ప్రకటన వచ్చేసింది, తుపాకులు అప్పగించడానికి గడువు వారం. అది ఏ తుపాకో తెలిసినవాళ్ళతో రాయించుకుని వస్తే దారి చూద్దామన్నాడు రైటర్. ధర్మవరంలో తమ పాత ఆర్మరర్ ఉన్నాడని, స్టేషన్ తుపాకులన్నీ ఒకప్పుడు ఆయనే బాగుచేసేవాడని అడ్రసు చెప్పాడు.

తుపాకిని ధర్మవరం తీసుకుపోతే దారిలో పట్టుకుంటారు. ఇంట్లో పెడితే ఇంట్లో పట్టుకుంటారు. దాన్ని మంచం మీద పడుకోబెట్టి, గొట్టం మీది అచ్చులపై కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దాను. చిన్నప్పుడు రూపాయి బిళ్ళ అచ్చు ఇట్లాగే తీసేవాళ్ళం. కిరీటం పడింది, కొన్ని ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి, ఒక సంవత్సరమూ దాని పక్కన రోమన్ అంకెలూ, కింద నంబరూ పడ్డాయి.

నా భార్య గుమ్మంలోంచే మాట్లాడింది. "ఆ మంచం మీద నేను పండుకోను. ఏమైనా పేలిందంటే?"

"గుండ్లు లేవు."

"నువ్వు ఉండావు కదా. అది చాలు."

మరుసటి రోజు రైల్లో కాగితం మడిచి చొక్కా లోపల పెట్టుకున్నాను. పెనుకొండలో ఒక కానిస్టేబుల్ ఎక్కి నా పక్కనే కూర్చున్నాడు. దిగేదాకా నేను ఊపిరి వాయిదాల మీద పీల్చుకున్నాను.

ఆర్మరర్‌కు డెబ్బై దాటి ఉంటాయి. గోడ అవతల మగ్గం ఆడుతోంది. ఆయన కాగితం వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఇటలీది సార్. మీరు తలకిందులు ఇచ్చినారు, కిరీటం పైకి రావల్ల. ఈ అక్షరాలు అది తయారైన ఊరి పేరు. ఈ రోమన్ అంకె వాళ్ళ సర్కారు ఏలుబడి లెక్క. దాని గుండ్లు ఆరు ఒక క్లిప్పులో పెట్టి దూర్చేది. రెండో పెద్ద యుద్ధంలో మన సిపాయిలు వాళ్ళ దగ్గర పట్టుకున్నవి, తర్వాత బెంగళూరులో వేలం ఏసిరి." కాగితం కిందపెట్టాడు. "భుజానికి ఆనించే మడమకట్టె మీద ఇత్తడి రేకు ఉండాదా? మూడు మేకులతో?"

ఉంది. కానీ ఆ రేకు అచ్చు నేను తీయలేదు.

"నేను కొట్టిన రేకు సార్ అది," అన్నాడు. "ఒక ఎలక్షన్ అయినంక తుపాకులు తిరిగిచ్చేది నా డ్యూటీ. వానకు గది కురిసి చీట్లన్నీ ఊడిపోయిండె. మడకశిర దోవలో ఉండే ఆసామిది ఈ రేకు రైఫిల్, అది మీ నాయనకిస్తి, మీ నాయనది ఆయనకిస్తి. మరుసటి దినమే మీ నాయన వచ్చె. ఇది నాది కాదప్పా అనె. ఆ ఆసామిని అడిగితే ఎస్సైకి తెలుస్తాది, నా ఉద్యోగం పోతాది. మీ నాయన కాళ్ళు పట్టుకుంటి సార్. ఒక్క మాట అనలా. పట్టా చుట్టుకుని ఎల్లిపాయ."

"ఆ ఆసామి?"

"ఆయన చూసుకోనే లేదు. పోయి శానా ఏండ్లాయ."

తెల్లకాగితం తెచ్చుకుని తుపాకి పేరు, గుర్తులు, నంబరు వరసగా రాశాడు. రాయడం ఆపి నా వైపు చూశాడు.

"మిగతాది కూడా రాయల్నా సార్? పెన్షన్ మీద బతుకుతాండా. రాయమంటే రాస్తా."

లోపల ఎవరో దగ్గుతున్నారు. తుపాకి మార్చింది తనేనన్న ఆ ఒక్క వాక్యం నాకు కావాలి. దానికోసమే ఇంత దూరం వచ్చానని అప్పుడే తెలిసింది.

"గుర్తులు చాలు," అన్నాను.

గడువు ముందురోజు స్టేషన్ జీపు మా ఇంటికి వచ్చింది. వీధంతా వాకిళ్ళలోకి వచ్చి చూస్తుండగా, తుపాకి వెనక సీట్లో, నేను దాని పక్కన, పెనుకొండ పోయాం.

రైటర్ కాగితం రెండుసార్లు చదివాడు. "పేరు తెలిసె. మీ నాయన చేతికి ఎట్లొచ్చె?"

"స్టేషన్లోనే మారిపోయిందంట."

"ఎవురు మార్చిరి? పేరు చెప్తే మీకు ఏ తంటా లేదు సార్."

"నాకు తెలీదప్పా. నాయనకు తెలిసుండాల."

"అయితే అట్లే రాస్తా. తెలిసీ చెప్పలేదని. పోయినోళ్ళ మీద కేసేముంటాది, రెండూ ఆడికే సరి." ఆయన గొంతులో నాపట్ల నిజమైన జాలి ఉంది.

రాశాడు. "తనది కాని ఆయుధమని తెలిసియుండియు, ఉద్దేశపూర్వకముగా దాచియుంచెను" అన్న చోట నాయన పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా ఉంది. ఉద్దేశం మాట నిజమే, కానీ ఆ ఉద్దేశం ఏమిటో రాసే గడి ఆ ఫారంలో లేదు. కింద వారసుడి సంతకం పెట్టమన్నాడు. పెన్ను పట్టుకుని నేను ఎంతసేపు కూర్చున్నానో గాని, ఆయన టీ తెప్పించాడు.

టీ తాగి సంతకం పెట్టాను.