హైదరాబాదు షికారుకు నేను వేసిన పథకం

పెళ్ళాన్ని సరదాగా నాలుగు వీధులు తిప్పుకొద్దామని బయలుదేరి, చివరకు ఆ పెళ్ళాన్నే పోగొట్టుకునేంత పని చేసుకున్న మగవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నన్ను చూడండి. జహీరాబాదులో నా ఈడు వాళ్ళను ఎవరినడిగినా ఈ కథ చెబుతారు. నవ్వుతూనే చెబుతారు. వాళ్ళు చెప్పేదాంట్లో సగం కల్పన. నేను చెప్పేది మాత్రం పూర్తిగా నిజం, ఎందుకంటే ఇందులో వెధవను నేనే.

ఎనభైల మొదట్లో సంగతి. నేను కరెంటాఫీసులో చిన్న గుమాస్తాను. పెళ్ళయి మూడేళ్ళు. మా ఆవిడ సుగుణది రాయికోడ్. ఇంట్లో మేమిద్దరం, మా అవ్వ, అంతే. కన్నతల్లిని మా వైపు అవ్వ అనే అంటాం. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. ఉన్నది ఒక గది, ఒక వంటిల్లు, ఒక వాకిలి. ఆ వాకిట్లో మంచం వేసుకుని అవ్వ పొద్దుగూకేదాకా కూర్చునేది. ఆమె ముందు నేను సుగుణతో మాట్లాడిన మాటలన్నీ కలిపితే ‘నీళ్ళు తే’, ‘అన్నం పెట్టు’, ‘గొడుగేది’. మూడేళ్ళ కాపురంలో ఇంతకు మించి లేవంటే నమ్మండి.

ఇలా ఉండగా మా ఆఫీసుకు హైదరాబాదు నుంచి బదిలీ మీద ఒకాయన వచ్చాడు. మధ్యాహ్నం డబ్బా విప్పుకుని కూర్చుంటే ఆయన నోట్లోంచి హైదరాబాదు తప్ప ఇంకో మాట వచ్చేది కాదు.

“ఐతారం అయితె చాలు, నేను, మా ఇంటామె పబ్లిక్ గార్డెన్‌కు పోతుంటిమి. గడ్డిల కూసుంటుంటిమి.”

“కూసొని ఏం చేస్తుంటిరి?” అని అడిగాను.

“ఏం చెయ్యకపోదుము. కూసుంటుంటిమి, గంతే.”

ఏమీ చెయ్యకుండా, పట్టపగలు, పెళ్ళాం పక్కన కూర్చోవడం! ఆ రోజంతా నాకు పని మీద చెయ్యి ఆడలేదు.

దసరా వెళ్ళిపోయి దీపావళి ఇంకా రాని రోజులు. వానలు తగ్గాయి, ఎండ మెత్తబడింది, పొద్దున లేస్తే గాలి కమ్మగా తగులుతోంది. రెండు రోజులు హైదరాబాదులో హాయిగా తిరిగి రావాలని నిశ్చయించుకుని, ఆఫీసు తెల్లకాగితం తీసి పట్టిక వేశాను. పది గంటలకు తోటలో కూర్చొనుట. పదకొండుకు ఇరానీ చాయ్, కప్పు ఒకటి, సాసర్లు రెండు. పన్నెండుకు మ్యూజియంలో గడియారం గంట కొట్టుట చూచుట. రెండు నుంచి మూడు దాకా ఊరికే నవ్వుకొనుట. నవ్వకండి. నవ్వుకోవడానికి గంట కేటాయించినవాణ్ణి ఈ జిల్లాలో నన్నొక్కణ్ణే చూస్తారు మీరు.

ఇక అసలు చిక్కు. మా ఇళ్ళలో మొగుడూ పెళ్ళాం జంటగా గడప దాటాలంటే కారణాలు నాలుగే. పెళ్ళి, చావు, జాతర, దవాఖాన. ‘ఊరికే పోయొస్తం’ అనే కారణం మా వంశంలో ఎవరూ చెప్పి ఉండరు. ఆ నెలలో చుట్టాల్లో పెళ్ళిళ్ళు లేవు, జాతర లేదు. ఎవరినైనా చంపడానికి మనసొప్పలేదు. మిగిలింది దవాఖాన. సుగుణతో ఒక్క మాటైనా అనకుండా నేరుగా అవ్వ మంచం దగ్గరికి పోయాను.

“అవ్వా, సుగుణకు కడుపునొప్పి. పట్నంల పెద్ద దవాఖానల చూపిచ్చుకొస్త.”

అవ్వ వక్క కొరకడం ఆపింది. “ఎన్నొద్దుల సంది?”

“మూన్నెల్ల సంది.”

“నాకు చెప్పకపాయె గదరా! యాడ నొస్తుందట? మీదికా, కిందికా?”

ఇక్కడ, అయ్యా, నేను ‘మీదికి’ అని ఉంటే అది అజీర్ణం అయ్యేది. గుప్పెడు వాముతో పోయేది. కాని అజీర్ణానికి ఎవరూ హైదరాబాదు పంపరని నా తెలివి నాకు చెప్పింది.

“కిందికి. పొత్తికడుపుల.”

మూడేళ్ళుగా కోడలి కడుపు పండలేదని కనిపించిన దేవుడికల్లా మొక్కుతున్న ముసలమ్మ ముందు నేను వాడిన మాట అది. అవ్వ మొహం నల్లబడిపోయింది. నేను మాత్రం పథకం పారిందని ఈల వేసుకుంటూ ఆఫీసుకు పోయాను.

సాయంత్రం తిరిగి వచ్చేసరికి వాకిట్లో ఆరుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. “గడ్డ అయ్యుంటది” అని ఒకామె. “గర్భసంచే లేదేమో” అని ఇంకొకామె. సుగుణ వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని ఉంది. పొయ్యి ముట్టించలేదు.

“నాకు మూన్నెల్ల సంది నొప్పి ఉన్నదట గద,” అంది. “నాకే తెల్వకపాయె.”

నేను గుసగుసగా పథకమంతా చెప్పి, కాగితం చూపించాను. తోట, చాయ్, గడియారం, నవ్వుకొనుట. ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణమే, ఆమె మొహం విచ్చుకుంది. తర్వాత కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“నీకు తిరగబుద్ధయితె నా కడుపే దొరికిందా చెప్పెతందుకు? వాళ్ళేమనుకుంటున్రో ఎరుకేనా? కోహీర్‌ల మీ మేనమామ బిడ్డ ఉన్నది గద, దాని పేరు అప్పుడే తీసిన్రు బయట.”

“ఇప్పుడే పోయి అబద్ధమని చెప్పేస్త.”

“ఏమని చెప్తవు? పెండ్లాంతోని గడ్డిల కూసునేతందుకు అబద్ధమాడిన అంటవా? ఊరంత నన్నే నవ్వుతది, మొగన్ని షికార్లకు గుంజుకపోతదని. ఊకో ఇగ. పోదాం. డాక్టరమ్మ ఏం లేదంటది, గంతటితోని అయిపోతది.”

నాకు కూడా అదే సబబుగా తోచింది. దవాఖానలో గంట, తర్వాత తోట. పట్టికలో గంట జరిపితే సరిపోతుందనుకున్నాను.

మర్నాడు బస్టాండులో మేమిద్దరం కాదు, నలుగురం ఉన్నాం. జొన్న రొట్టెల మూట చంకన పెట్టుకుని అవ్వ. శనగ విత్తనం సగంలో వదిలేసి, కబురందగానే రాయికోడ్ నుంచి పరుగెత్తుకొచ్చిన మామ. ఆయన కాళ్ళకు ఇంకా నల్లమట్టి ఉంది.

“అల్లుడా, నా బిడ్డకు ఏమన్న అవుతదా?” అని బస్సులో నాలుగుసార్లు అడిగాడు.

“ఏం కాదు మామా, ఫికర్ చెయ్యకు,” అన్నాను నాలుగుసార్లూ. ఎవరూ లేని చోట అయితే ఆయన కాళ్ళ మీద పడి ఉండేవాణ్ణి.

హైదరాబాదు ఎలా ఉందంటారా? పొడుగ్గా ఉంది. ఒక దవాఖాన వరండా అంత పొడుగు. దానికి ఆ కొస నుంచి ఈ కొస దాకా ఆడవాళ్ళు. కొందరు నిలబడి, కొందరు పడుకుని, ఒకామె గోడకు తల ఆనించి శబ్దం లేకుండా ఏడుస్తూ. పది గంటలకు తోటలో కూర్చోవలసిన మేము ఆ బెంచీ మీద కూర్చున్నాం. మధ్యలో అవ్వ. నవ్వుకోవలసిన గంటలో మామ పంచె కొంగుతో కళ్ళు తుడుచుకున్నాడు.

మూడింటికి సుగుణను లోపలికి పిలిచారు. చాలాసేపటికి డాక్టరమ్మ నన్నూ పిలిచింది.

“ఈమెకు ఏం లేదు. శుభ్రంగా ఉంది. నొప్పి కూడా లేదంటోంది. మరెందుకు తెచ్చావయ్యా?”

నేను నేల చూశాను.

“పెళ్ళయి ఎన్నేళ్ళు? మూడా? పిల్లలు లేరా? అలా చెప్పు మరి. సిగ్గెందుకు? నీకు పరీక్ష చేశారా ఎప్పుడైనా?”

చేతిలో ఒక చిన్న సీసా పెట్టింది. అది పట్టుకుని బయటికి వస్తే అవ్వ గబుక్కున లేచింది.

“ఏందిరా గా సీసా? మందు పోసి ఇచ్చిన్రా?”

“ఇంక పొయ్యలే అవ్వా.”

“జర నిండుగ పొయ్యమను. ఊరి నుంచి వచ్చినమని చెప్పు.”

ఇంతకన్నా ఆ సీసా గురించి చెప్పను. మనిషన్నాక కొంచెం మర్యాద ఉండాలి.

ఫలితం రేపు ఇస్తామన్నారు. సత్రానికి పోయాం. ఆడవాళ్ళకు అటు, మగవాళ్ళకు ఇటు. అన్ని కలలు కని హైదరాబాదు షికారుకు వచ్చినవాణ్ణి, మామ పక్కన చాప మీద పడుకున్నాను.

మర్నాడు డాక్టరమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టి, కాగితం చూసి, మెల్లగా చెప్పింది. పిల్లలు కలగకపోవడానికి కారణం సుగుణ కాదు, నేను. మందులతో పోయేది కాదు. “మనసు గట్టిచేసుకో బాబూ,” అంది. ఆ మాట విన్నాక గోడ మీద పిల్లల బొమ్మలున్న క్యాలెండరు వైపు చూశాను. ఎటు చూడాలో తెలియక చూశాను. సుగుణ చెయ్యి నా మోచేతి మీద పడింది. పట్టపగలు, పరాయి మనిషి ఎదుట, ఆమె నన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి.

బయటికి రాగానే అవ్వా మామా ఎదురొచ్చారు. “ఏమన్నదిరా డాక్టరమ్మ?”

నోరు తెరిచాను. “మందులు వాడాల్నట,” అన్నాను.

ఎవరు వాడాలో నేను చెప్పలేదు, వాళ్ళు అడగలేదు. అడగవలసిన అవసరం ఎవరికీ కనిపించలేదు. సుగుణ నా మోచేతి మీది చెయ్యి తీసేసింది. తిరుగు బస్సులో సదాశివపేట దాటినా, మా ఊరు వచ్చినా ఆమె కిటికీలోంచి మొహం తిప్పలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కాని, ఆ రోజు నేను చేసిన పనికి నవ్వు పులమడం నా వల్ల కాదు.

వారం తిరగకముందే అవ్వ మామను పిలిపించింది. వాకిట్లో మంచం మీద ఆయన, గడపలో అవ్వ, తలుపు చాటున సుగుణ.

“అన్నా, నీ బిడ్డను ఎల్లగొడ్తలేను. అది ఉంటది, దాని తిండి దానికి ఉంటది. కాని వంశం నిలవాలె గద. కోహీర్ పిల్లను అడిగిన. వాళ్ళు సరే అన్నరు.”

మామ రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. లోపల ట్రంకు పెట్టె మూత తీసిన చప్పుడు వినిపించింది. పోయి చూస్తే సుగుణ చీరలు సర్దుతోంది.

“నువ్వన్న చెప్పకపోతివి వాళ్ళకు,” అన్నాను. నా మొహానికి అలా అడిగే ధైర్యం ఎక్కడిదో!

“నేను చెప్తే నమ్ముతరా? తప్పిచ్చుకునేతందుకు మొగని మీద పెడుతున్నదంటరు. నోరు నీకున్నది.”

వాకిట్లోకి వచ్చి, కళ్ళు మూసుకుని అనేశాను. “అవ్వా, లోపం నాది. డాక్టరమ్మ చెప్పింది నా గురించే.”

అవ్వ నన్ను పైనుంచి కిందికి చూసింది. “పెండ్లాం మీద ప్రేమతోని, పావురంతోని అబద్ధమాడుతున్నవు.”

“అబద్ధం కాదు. అబద్ధమాడింది అప్పుడు. కడుపునొప్పి అబద్ధం.”

“నొప్పి లేకుంటెనే దవాఖానకు తోలుకపోయినవా?”

“షికారుకు తోలుకపోదామనుకున్న.”

“షికారా!” అవ్వ రెండు చేతులూ బుగ్గలకు కొట్టుకుంది. “సూడు అన్నా, ఎన్ని కతలు పడుతున్నడో! దాని కోసం రేపు నేను ఆడిదాన్ని అని కూడ అంటడు వీడు!”

దవాఖాన కాగితం తెచ్చి ఇచ్చాను. అంతా ఇంగ్లీషు. చదివి వినిపిస్తానంటే, “నీ నోటితోని నువ్వు చదివితె నేనేం నమ్మాలె?” అని కాగితం లాక్కుని, చెప్పులైనా వేసుకోకుండా బజారు దారి పట్టింది. నేను వెనకాల పరుగు. “అవ్వా, జర ఆగు! నీ కాళ్ళు మొక్కుత, ఆగు!”

ఆగలేదు. కిరాణా దుకాణం అరుగు మీద ఒక రిటైరైన సారు కూర్చునేవాడు. ఊళ్ళో ఇంగ్లీషు కాగితాలన్నీ ఆయనే చదివి పెట్టేవాడు. ముప్పై ఏళ్ళు వంద మంది పిల్లలకు పాఠం చెప్పిన గొంతు అది. మెల్లగా చదవడమనేది ఆయనకు చేతకాదు. పైగా ఆ రోజు సంత. కూరగాయల గంపలు, కోహీర్ నుంచి, ఝరాసంగం నుంచి వచ్చిన జనం.

సారు కళ్ళద్దాలు సవరించుకుని ఒక్కో ముక్క ఇంగ్లీషులో చదివి, దాన్ని తెలుగులో విడమరిచి, క్లాసులో లాగా రెండోసారి చెప్పాడు. నా పేరు చదివాడు. వయసు చదివాడు. నమూనాలో ఏమి ఉండవలెనో, ఏమి లేదో చదివాడు.

“అనగా ఏమి?” అని అలవాటు కొద్దీ జనాన్ని అడిగాడు. ఎవరూ జవాబు చెప్పలేదు. “అనగా ఇతనికి సంతానము కలుగదు,” అని ఆయనే చెప్పి, అప్పుడు తల ఎత్తి నన్ను చూశాడు. పాపం, కాగితం ఆయన చేతుల్లోంచి జారింది. వంకాయలు తూస్తున్న మనిషి తక్కెడ అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

అవ్వ కాగితం ఏరుకుని, మడిచి, కొంగున ముడేసుకుంది. నేరుగా ఇంటికి నడిచింది. వాకిట్లో కూలబడి, చెంబెడు నీళ్ళు తాగి, కాసేపు ఏడ్చింది. తర్వాత సుగుణను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

“అన్నా,” అంది మామతో, “లోపం కోడలిదని వీనికి మారుపెండ్లి చేస్త అంటి. లోపం వీనిదని తేలె. మరి నాయం ఒక్కటే ఉండాలె గద? మన కులంల ఆడిదానికి మారుమనువు లేదా? నీ బిడ్డ పోతనంటె నేను అడ్డం రాను. నేనే కుంకుమ పెట్టి పంపుత.”

మామ సుగుణను చూశాడు. “చెప్పు బిడ్డా. నీ ఇష్టం.”

నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, పక్కింటి వాళ్ళు ఎవరో తలుపు కొడుతున్నారనుకుని ఉంటారు. సుగుణ ట్రంకు పెట్టె వైపు చూసింది, వాళ్ళ నాన్న వైపు చూసింది, చివరకు నా వైపు.

“ముందుగాల గీయన నాకు హైదరాబాద్ చూపియ్యాలె,” అంది. “రెండు దినాలు పోయినం, దవాఖాన బెంచి తప్ప ఏం చూడలే. మంచిగ తిప్పి చూపియ్యనియ్యి. చూసినంక చెప్త, ఉండుడా, పోవుడా.”

అప్పటి నుంచి ఎన్నో దసరాలు వెళ్ళిపోయాయి. మాకు పిల్లలు లేరు. అవ్వ పోయింది, మామ పోయాడు. సుగుణను బీదరు తీసుకుపోయాను, గుల్బర్గా తీసుకుపోయాను, ఆఖరికి కాశీ కూడా తీసుకుపోయాను. కాని సకల దేవతల సాక్షిగా, కొంగున ముడేసిన ఆ కాగితం సాక్షిగా శపథం చేసి చెబుతున్నాను: ఈ శరీరంలో ప్రాణమున్నంత కాలం, ఆమెను వెంటబెట్టుకుని హైదరాబాదు మాత్రం పోను గాక పోను.