ఊరికే నొక్కిన ఎంటర్

లిఫ్టులను నడిపే బోర్డులు పాడైనప్పుడు వాటి రోగం కనిపెట్టడానికి ఆ కంపెనీలో అరచేయంత డబ్బా ఒకటి ఉండేది. దాని కేబులు ఒకటి బోర్డుకు, ఇంకొకటి కంప్యూటరుకు తగిలించి తెరమీద కమాండ్లు కొట్టాలి. రీడ్ అంటే బోర్డు మెమరీలో ఉన్నది చూపేది. రైట్ అంటే రాసేది. ఎరేజ్ అంటే నిర్దాక్షిణ్యంగా తుడిచిపెట్టేది. ఈ కమాండ్ల వ్యవస్థను పదకొండేళ్ళ కింద కట్టిన ఇంజనీరుకు ఇప్పుడు రిటైర్మెంటు నాలుగు నెలల్లోకి వచ్చింది. కాగితం అన్నది ఆయన పారేయగా చూసినవాళ్ళు లేరు. మెమోలు, మీటింగుల నోట్సు, టీ కొట్టు రసీదు వెనక గీసిన సర్క్యూటు, అన్నీ తేదీల వారీగా కట్టలై ఉండేవి. అందుకని అందరూ ఆయన్ని వెనకాల దస్తావేజు గారు అనేవారు. కొన్నాళ్ళకు ముఖంమీదే అనడం మొదలుపెట్టారు. ఆయన దాన్ని బిరుదుగానే పుచ్చుకున్నాడు.

పాత డబ్బా స్థానంలో కొత్తది తేవాలని నిర్ణయమైంది. దాని కమాండ్లు ఎలా ఉండాలో తేల్చే పని ఆయనకే అప్పగించి, ఆ తేల్చడం ఎలాగో నేర్పడానికి మేనేజరు ఒక శుక్రవారం ఉదయం మీటింగు పెట్టాడు. మేనేజరు వయసు, దస్తావేజు గారి సర్వీసు దాదాపు సమానం.

"ఇందులో ఆలోచించడానికేముంది సార్? పాతవే ఎక్కించేద్దాం. కాకపోతే ఒక్కో అక్షరానికి కుదించండి. రీడ్‌కి ఆర్, ఎరేజ్‌కి ఇ. టైము కలిసొస్తుంది."

"కీబోర్డు మీద ఆ రెండూ ఎక్కడున్నాయో చూశారా?"

మేనేజరు వంగి చూశాడు. "పక్కపక్కనే ఉన్నాయి."

"ఉన్నాయి కదా. చూద్దామని వేలు పెట్టినవాడు చెరిపేసి లేస్తాడు."

"చూసుకుని నొక్కుతారు లెండి సార్."

"చూసుకుని నొక్కేవాళ్ళే అయితే మనకు ఈ రిపేరు బెంచి ఎందుకండీ?"

"బెంచి అంటే గుర్తొచ్చింది," అన్నాడు మేనేజరు, మాట మార్చడానికి దారి దొరికినందుకు ఊరట పడుతూ. "ఈ వారంలో మూడు బోర్డులు మెమరీ ఖాళీ అయి బయటికి వెళ్ళాయి. మూడు లిఫ్టులు ఆగిపోయాయి. ఒకచోట ఎనభై ఏళ్ళ పెద్దాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఏడంతస్తులు మోసుకెళ్ళారట. మూడూ బెంచక్క చేతిమీదుగా వెళ్ళినవే. సోమవారం విచారణ. ఉద్యోగంలోంచి తీసేస్తున్నట్టు కాగితం టైపు కూడా అయిపోయింది."

"విచారణ కాకముందేనా?"

"టైము కలిసొస్తుందని."

దస్తావేజు గారికి ఒళ్ళు మండిపోయింది. తీర్పు ముందు, విచారణ తరువాత అన్న పద్ధతి ఏ దేశపు న్యాయశాస్త్రంలో ఉందో చెప్పమని అడగబోయి, చెప్పగలిగే ముఖం కాదని తోచి, లేచి రిపేరు గదికి నడిచాడు.

రిపేరు బెంచి దగ్గర పనిచేస్తుంది కనుక బెంచక్క అని పేరుపడ్డ ఆమె ఆ గదిలో పంతొమ్మిదేళ్ళుగా ఉంది. తనకంటే పెద్దవాళ్ళకు కూడా అక్కే. ఇల్లంతా ఆమె జీతం మీదే నడుస్తుంది. సోల్డరింగు వేడికి కాలి కాలి కుడిచేతి వేలి కొసలు మొద్దుబారాయి. ఆ చేత్తోనే వెంట్రుక మందం తీగను తడబడకుండా అతికిస్తుంది. ఆ రోజు మాత్రం అతికించిన ప్రతి తీగనూ రెండుసార్లు వంగి చూసుకుంటోంది.

"నువ్వు రోజూ చేసేది చేసినట్టే నాకు చూపించమ్మా. నన్ను లేనట్టే అనుకో."

"మీరు లేనట్టు అనుకోవడం కష్టం సార్. మెడ మీద ఊపిరి తగులుతోంది."

ఆయన రెండడుగులు వెనక్కి జరిగాడు. ఆమె తుక్కులోకి పోయే బోర్డొకటి తీసుకుంది. అలాంటివాటిని ఏ రోజువి ఆ రోజే చెరిపి పారేయాలని పోయిన నెలే మేనేజరు సర్క్యులరు ఇచ్చాడు. ఎరేజ్ కొట్టింది. తెరమీద ఓకే అని వచ్చింది. కేబులు పీకి, బాగుచేసిన మంచి బోర్డుకు తగిలించి, ఎంటర్ రెండుసార్లు నొక్కింది. మళ్ళీ ఓకే.

"ఆగు! ఆ ఎంటర్ ఎందుకు నొక్కావు?"

"పలుకుతుందో లేదో చూద్దామని సార్. ఇంట్లోకి వెళ్ళేముందు తలుపు తట్టమా? అలాగ. ఓకే అంటే కేబులు సరిగ్గా ఉన్నట్టు."

ఆయన కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. ఆ డబ్బాకు ఒక గుణం ఉంది: ఏమీ రాయకుండా ఎంటర్ నొక్కితే అంతకుముందు చేసిన పనినే మళ్ళీ చేస్తుంది. బోర్డు మారిందని దానికి తెలియదు. అంతకుముందు పని ఎరేజ్. ఆమె తలుపు తట్టింది. డబ్బా లోపలికెళ్ళి ఇల్లు ఊడ్చేసింది. పైగా ఏం చేసిందో చెప్పకుండా ఓకే అంది. ఆ తరువాత మోటారు పరీక్ష, తలుపుల పరీక్ష అన్నీ నెగ్గుతాయి. భవనానికి ఎన్ని అంతస్తులో మాత్రం బోర్డు మరిచిపోయి ఉంటుంది. పదకొండేళ్ళలో ఎరేజ్ వాడినదే అరుదు కనుక ఈ పాము బుట్టలో నిద్రపోయింది. రోజూ చెరపమనే సర్క్యులరు వచ్చి మూత తీసింది.

"నీ తప్పు కాదమ్మా," అన్నాడాయన పళ్ళు కొరుకుతూ. "ఈ తెలివితక్కువ తెలివి అప్పట్లో ఉన్న ప్రోగ్రామరుది. రెండేళ్ళు చేసి వెళ్ళిపోయాడు. నేను మీటింగులో వద్దని మొత్తుకున్నాను. నా దగ్గర కాగితం ఉంది."

"మీ దగ్గర ఉండకుండా ఎలా ఉంటుంది సార్," అంది బెంచక్క. మొహంలోకి కొంచెం రంగు వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం దస్తావేజు గారి వెనకగదిలో ట్రంకుపెట్టెలు తెరుచుకున్నాయి. ఆ ఇంట్లో ఆయనా, డెబ్భయ్యేళ్ళ ఆయన అక్కగారూ ఉంటారు. ఆవిడ గుమ్మంలో ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది.

"ఏం వెతుకుతున్నావురా?"

"నిజం వెతుకుతున్నానక్కా."

"అది ఏ పెట్టెలో పెట్టావో కూడా మర్చిపోయావా?"

మూడో పెట్టెలో ఆ మీటింగు కట్ట దొరికింది. ఆయన వద్దని మొత్తుకున్న కాగితం అందులో నిజంగానే ఉంది: రెండు పేజీలు, ఆవేశంతో అక్షరాలు పేజీకి అవతల అచ్చుపడ్డాయి. చదివాడు. అభ్యంతరమంతా తెరమీద అక్షరాల ఆకుపచ్చ రంగు గురించి. కళ్ళకు హాని అట. ఖాళీ ఎంటర్ ప్రస్తావన ఒక్క ముక్క లేదు.

దాని కింద ఇంకో కాగితం. "పదేపదే మెమరీ చూడవలసివచ్చునప్పుడు వేలికి శ్రమ తప్పించుటకై, ఖాళీ ఎంటర్ నొక్కినచో వెనుకటి కమాండు తిరిగి జరుగునట్లు ఏర్పాటు చేయుట మేలు." చేతిరాత ఆయనదే, సంతకమూ ఆయనదే. ప్రోగ్రామరు పక్కన పెన్సిలుతో "ఎరేజ్‌కి కూడానా?" అని అడిగాడు. ఆయన ఎర్రసిరాతో "అన్నిటికీ ఒకటే నియమం" అని జవాబు రాశాడు.

ఆ కింద, డబ్బాతో పాటు ఇచ్చిన పుస్తకం. నాలుగో పేజీ: కేబులు తగిలించగానే ఎంటర్ రెండుమార్లు నొక్కి ఓకే వచ్చునో లేదో చూసుకొనవలెను. అదీ ఆయన రాసిందే. తలుపు తట్టమని నేర్పింది తనే, తడితే ఊడ్చేయమని చెప్పిందీ తనే.

"దొంగ దొరికాడా?" అంది అక్కగారు.

ఆయన కాగితం అందించాడు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చదివింది.

"ఈ వంకర సంతకం ఎక్కడో చూసినట్టుందే."

"అక్కా!"

"నామీద అరుస్తావేంరా? ఆఫీసులో ఇంకో కాపీ ఉందా?"

"లేదు. బిల్డింగు మారినప్పుడు పోయాయి."

"అయితే ఇది పారేస్తే నీకే గొడవా లేదు."

ఆయన ఆ కాగితం వెనక్కి తీసుకుని పెట్టె మూతమీద పరిచాడు. గోడకు ఉన్న ఫ్యాను ఎర్రసిరా మూలను లేపుతూ, దించుతూ ఉంది.

"నువ్వు పారేసేవాడివే అయితే," అంది ఆవిడ లోపలికి వెళుతూ, "ఈ ఇంట్లో నాకు ఇంకో గది ఉండేది."

సోమవారం విచారణలో ముగ్గురే. మేనేజరు "నిర్లక్ష్యం" అన్న మాట నాలుగుసార్లు వచ్చేలా కాగితం చదివాడు. బెంచక్క తల దించుకోలేదు. దస్తావేజు గారి వంకే చూస్తోంది. ఆయన రెండు బోర్డులు, డబ్బా, పుస్తకం బల్లమీద పెట్టాడు.

"ఈ తుక్కు బోర్డును మీరే చెరపండి. తరువాత కేబులు మంచిదానికి మార్చి, నాలుగో పేజీలో ఉన్నది ఉన్నట్టు చేయండి."

మేనేజరు పుస్తకం పైకి చదువుతూ ఎంటర్ రెండుసార్లు నొక్కాడు. ఓకే వచ్చింది. "బాగానే ఉంది కదా సార్."

"ఇప్పుడు రీడ్ కొట్టండి."

తెర నిండా ఖాళీ గడులు. మేనేజరు చేతులు కీబోర్డు మీంచి వెనక్కి పోయాయి. "అయ్యో, నేనేం చేయలేదే!"

"నేనూ ఆ మాటే అన్నాను సార్, మూడు రోజులుగా," అంది బెంచక్క.

"బోర్డుకేం కాదు, నా దగ్గర నకలుంది," అన్నాడు దస్తావేజు గారు.

"ఎవరండీ ఈ తలతిక్క ఏర్పాటు చేసింది?"

దస్తావేజు గారు జేబులోంచి కాగితం తీసి ఆయన ముందు పరిచాడు. మేనేజరు చదివి, గొంతు తగ్గించాడు. "సార్... ఇది లోపల పెట్టేయండి. నాలుగు నెలల్లో దండ వేయించుకుని వెళ్ళాల్సినవారు. అక్కకు ఓ వార్నింగు ఇచ్చి వదిలేద్దాం. ఎవరికీ నష్టం లేదు."

"వార్నింగు దేనికి? నేను రాసిన పుస్తకం నమ్మినందుకా?" ఆయన బల్ల గుద్దాడు, డబ్బా ఎగిరిపడింది. "రోజూ చెరపమని పోయిన నెల వచ్చిన సర్క్యులరు కూడా నా దగ్గర ఉంది. దాని కింద సంతకం నాది కాదు. అదీ తీయమంటారా?"

మేనేజరు తన ఫైలు తెరిచాడు. టైపు చేసిన కాగితాన్ని చింపడానికి రెండుచేతులతో పట్టుకున్నాడు.

"చింపకండి! రద్దు అని రాసి, సంతకం చేసి ఇటివ్వండి."

వసారాలోకి వచ్చాక ఆయన ఆగాడు. "నన్ను క్షమించమ్మా."

"వేలు ఎక్కడ తప్పిందా అని మూడు రోజులు అన్నం కలుపుతూ కూడా నా చేతినే చూసుకున్నాను సార్. మతి పోతోందేమో అనుకున్నాను." ఆమె కళ్ళు తుడుచుకోలేదు. "క్షమించడాల సంగతి తరువాత చూద్దాం. ముందు ఆ డబ్బా సంగతి చూడండి."

చూశాడు. కొత్త డబ్బాలో ఖాళీ ఎంటర్ ఏ పనీ చేయదు. ఎదుట ఏ బోర్డు ఉందో దాని నంబరు మాత్రం చెబుతుంది. చెరపాలంటే ఎరేజ్ అని పూర్తిగా రాసి, ఆ నంబరు కూడా కొట్టాలి. చెరిపాక ఏది చెరిపిందో వాక్యంగా చెబుతుంది. మొదటి నమూనా తయారైన రోజు బెంచక్క కేబులు తగిలించి, ఎంటర్ రెండుసార్లు నొక్కింది. నంబరు వచ్చింది. రీడ్ కొట్టింది. అంతస్తులన్నీ ఉన్నాయి. తుక్కు బోర్డు తగిలించి చెరపబోయి, గుడ్లురిమింది.

"ఒక్కోదానికీ ఎనిమిదంకెలు కొట్టాలా? రోజుకు ముప్ఫై బోర్డులు సార్! నా వేళ్ళేం కావాలి?"

"వేలికి శ్రమ తప్పించబోయే కదమ్మా ఇంత అయింది."

"అది మీ వేలు. ఇది నా వేలు."

దస్తావేజు గారు కొత్త ఫైలు తెరిచి, ఆమె ఫిర్యాదును తేదీతో సహా మొదటి పేజీలో రాసి, కలం ఆమెకు అందించాడు. "సంతకం పెట్టు."

"ముందు మీరు పెట్టండి," అంది బెంచక్క.