బామ్ డబ్బాల నా ఊపిరితిత్తి

నవ్వుకుందురు గని, ముందు ఒక్క మాట వినుండ్రి. నేను నెలన్నర సచ్చిపోతున్న అనుకుంట బతికిన. అట్ల బతికి, ఖతర్‌ల నాకున్న ఒక్క దోస్తును నా చేతులతోటి నేనే ఎల్లగొట్టుకునే దాక పోయిన. ఇంత ఆగానికి కారణమైన వస్తువు బటానీ గింజను మించి లేదు. ఇప్పుడు చెప్తుంటె నాకు గూడ నవ్వొస్తది. నవ్వు కంటె ముందు సిగ్గొస్తది, అది వేరె సంగతి.

నా పేరు పోశెట్టి, మాది నిర్మల్ దిక్కు, పని టైల్స్ మేస్త్రీ. దోహా పక్కన ముఐథర్‌ల కంపెనీ ఇచ్చిన పాత విల్లాల ఒక రూముల ఆరుగురం ఉంటం. అండ్ల ఖాజా భాయ్‌ది కోరుట్ల, కంపెనీ పికప్ నడుపుతడు, నాకంటె నాలుగేండ్లు పెద్ద. నేను కొత్తగ వచ్చిన వారం, ఎండకు ముక్కులకెళ్ళి నెత్తురు కారి గోడకు ఆనుకొని కూలబడితె నెత్తి మీద తడిగుడ్డ ఏసినోడు ఆయననే. ఎనిమిదేండ్ల సంది శుక్రవారమొస్తె చాలు, ఆయన బిర్యానీ వండుడు, ఒక్కటే పెద్ద తబుకుల కుమ్మరించుడు, అందరం చుట్టూ కూసొని ఆ ఒక్క తబుకుల్నే తినుడు. నా జాగ ఖాజా పక్కన. ఆయన మెత్తటి ముక్క నా దిక్కు జరుపుతడు, నేను ఉల్లిగడ్డలు ఆయన దిక్కు జరుపుత.

మూడేండ్ల కింద ఒకనాడు పొద్దుగాల పండ్లు తోముకుంటుంటె దగ్గొచ్చింది. దగ్గుతోటి నోట్లకెళ్ళి తెల్లటి ముక్క ఒకటి ఊడి సింకుల పడ్డది. పన్ను ఇరిగిందేమో అని నాలుకతోటి పండ్లన్ని తడిమి చూసుకున్న, అన్ని వాటి జాగల ఉన్నయ్. ఇగ ఊకుంటనా, ఆ ముక్కను రెండు వేళ్ళ నడుమ పెట్టి నలిపి వాసన చూసిన. మీరు మాత్రం ఎన్నడు ఆ పని చెయ్యకుండ్రి. అబ్బబ్బ, సచ్చిన ఎలుక గూడ ఆ వాసనకు లేచి ఉరుకుతది!

అప్పటికే కొన్ని దినాల సంది మింగినప్పుడల్ల గొంతుల చేప ముల్లు ఇరికినట్టు ఉంటుండె. ఎడమ చెవి లోపల సలుపుతుండె. రెండొద్దులకు ఇంకో ముక్క పడ్డది, నాలుగొద్దులకు ఇంకోటి. నేను మేస్త్రీని గదా, నాకు తోచింది మేస్త్రీ ఆలోచననే. తడి ఎక్కిన గోడ పెచ్చులూడినట్టు లోపల నా ఊపిరితిత్తి పెచ్చులూడుతుంది అనుకున్న. ఇంక ముక్కలున్నయా అని అద్దం ముంగట నోరు తెరిచి చెవుల పెట్టుకునే పుల్లతోటి గొంతు గెలికిన. నెత్తురొచ్చింది. గెలికితె నెత్తురు రాక పాలొస్తయా అని మీరంటరు. నాకు ఆ తెలివి ఉంటె ఈ కథ ఎందుకుంటది? తెల్ల ముక్కలు, కంపు, నెత్తురు. రోగం పేరు గూడ నేనే పెట్టుకున్న, టీబీ అని.

మరి డాక్టర్ దగ్గరికి పోవద్దా? అక్కడనే ఉన్నది మా గల్ఫోళ్ళ భయం. ఛాతి ఫొటోల మచ్చ కనవడ్డదని ఒకాయనను కంపెనీ ఇంటికి తోలిందని రూములల్ల చెప్పుకునేటోళ్ళు. ఆ ఆయనను కండ్లతోటి చూసినోడు లేడు, మాటనైతె అందరు విన్నరు. ఇంటికాడ గోడలు లేచి కప్పు పడని ఇల్లు, బడికి పోయే ఇద్దరు పిల్లలు. నన్ను తోలితె వాళ్ళ గతేంది? అందుకే ఒక్కనికి చెప్పలె. రాలిన ముక్కలన్ని ఖాళీ బామ్ డబ్బాల ఏసి దిండు కింద పెట్టుకున్న. ఎందుకంటె ఏం చెప్పాలె, నా ఊపిరితిత్తిని నేనే చెత్తల పారేసుకుంటనా!

ఇగ నాకు దొడ్డ మనసు పుట్టింది. నేను పోతె పోయిన, రూమోళ్ళకు అంటద్దు అనుకున్న. రూముల గూడ మాస్కు కట్టుడు మొదలు పెట్టిన. మంచం తలుపు దిక్కు గుంజుకున్న. వేరె పళ్ళెం కొనుక్కున్న. స్టీలు గ్లాసుకు టైల్స్ మీద గుర్తులు పెట్టే ఎర్ర మార్కర్‌తోటి అడ్డంగ గీత గీసిన.

వీడియో కాల్‌ల మా ఆమె అడిగింది, "మాస్కెందుకయ్యా? దుబాయ్‌ల మళ్ళ కరోనా వచ్చిందా?"

"ఇది ఖతర్."

"ఏదైతేంది, మాస్కు తియ్యి, మొఖం చూడాలె."

"దుమ్మున్నది."

"రూముల దుమ్మేంది?"

ఫోన్ పెట్టేసిన. తర్వాత రెండొద్దులు ఆమె ఫోన్ ఎత్తలె.

శుక్రవారం వచ్చింది. నా వంతు బిర్యానీ వంటింట్లనే వేరె ఏసుకొని మంచం ఎక్కి కూసున్న.

"రా పోశెట్టీ, చల్లారుతది," అన్నడు ఖాజా.

"ఒక్కపొద్దున్న భాయ్."

"శుక్రారమా? నీది శనివారం గదా?"

"శుక్రారం గూడ పట్టిన."

"ఎవల పేరు మీద?"

"అందరి పేరు మీద."

"మరి ఒక్కపొద్దుల కోడి కాలు తింటరా రే?"

నా పళ్ళెం దిక్కు చూసుకున్న. అంత పెద్ద కోడి కాలు, నన్నే చూస్తున్నది. "నేను వేరె తింట భాయ్. నాది నాకే ఉంచుండ్రి," అన్న. తబుకు చుట్టూ ఉన్న చేతులన్ని ఆగిపోయినయ్.

తర్వాత వారం డ్యూటీ నుంచి వచ్చి ఖాజా దూపైతుందని దొరికిన గ్లాసు అందుకున్నడు. అది నా గ్లాసు. "ముట్టుకోకు!" అని ఒర్రి గుంజుకున్న. ఆయన గ్లాసు దిక్కు చూసిండు. ఎర్ర గీత చూసిండు.

"ఈ గీత నా కోసమేనా?"

నేను గీత మీద బొటనవేలు అడ్డం పెట్టిన.

"అయిదేండ్లు నా చేతి వంట తిన్నవ్ రా. ఇప్పుడు నేను ముట్టుకుంటె నీ గ్లాసు మైలపడతదా?"

అట్ల కాదు భాయ్, అని చెప్పాలె. కాని నిజం చెప్తె మాట ఆఫీసు దాక పోతదని భయం. నోరు తెరిస్తె కంపు కొడతదని సిగ్గు. నోరు మూసుకున్న. నా బతుకుల అంత చెడ్డ పని ఇంకోటి చెయ్యలె. ఆయన మొఖంల రంగు దిగిపోయింది, తిట్టలె, అరవలె, బయటికి పోయిండు. ఆ మీది శుక్రవారం మా రూముల బిర్యానీ లేదు. రెండొద్దులకు తెలిసింది, అల్ షహానియా క్యాంపుకు మార్చుమని ఖాజా ఆఫీసుల అడిగిండట, వాళ్ళు సరే అన్నరట.

ఆయన పోయే దినం గూడ శుక్రవారమే. నమాజ్ చేసొచ్చి బ్యాగు సదురుతున్నడు. మిగిలినోళ్ళు బయట బట్టలు ఉతుక్కుంటున్నరు. నేను మంచం మీద కట్టెలెక్క కూసున్న. అంగీలు మడతపెట్టుకుంట, నా దిక్కు చూడకుండనే అన్నడు:

"తబుకు ఇడిసిపెట్టి పోతున్న. నేను కడిగే పెట్టిన. నీకు అక్కెర పడితె ఇంకోసారి కడుక్కో."

ఆ మాటకు నా దుఃఖం ఆగలె. మాస్కుల్నే ఏడ్సిన. "భాయ్, నాకు టీబీ."

"ఏంది?"

"టీబీ భాయ్. నీకు అంటద్దనే వేరె తిన్న. ఊపిరితిత్తి ముక్కలు ముక్కలుగ వస్తుంది. ఇగో." దిండు కింది డబ్బా తీసి మూత తెరిచిన.

ఖాజా వాసనకు ఒక్కడుగు వెనుకకు ఏసిండు. మళ్ళ రెండడుగులు ముందుకు వచ్చి నా కాలర్ పట్టుకున్నడు. "ఏ డాక్టర్ చెప్పిండు?"

"ఎవ్వలు చెప్పలె. నేనే చూసుకున్న."

"నువ్వెప్పటి సంది డాక్టర్‌వి రా? యల్లా, చెప్పులు తొడుక్కో!"

అల్ దోహా అల్ జదీదాల ఒక క్లినిక్కుకు తీసుకపోయిండు. డాక్టరమ్మ మలయాళీ, హిందీల మాట్లాడింది. నేను డబ్బా టేబుల్ మీద పెట్టి, "మేడం, నా ఊపిరితిత్తి," అన్న. ఆమె మూత తీసింది, తీసినంత తొందరగ పెట్టింది. "నోరు తెరువు," అన్నది. టార్చి ఏసి చూసి, దూది పుల్లతోటి గొంతు పక్కన మెల్లగ ఒత్తింది. బటానీ గింజంత ముక్క బయటికొచ్చింది.

"ఇవి టాన్సిల్ రాళ్ళు. టాన్సిల్స్‌ల చిన్న చిన్న గుంటలుంటయ్. తిన్న తిండి తునకలు, క్రిములు అండ్ల చేరి గట్టిపడతయ్. నోటి కంపు, గొంతుల ముల్లు, చెవి సలుపుడు, అన్నిటికి ఇదే కారణం కావచ్చు."

"నెత్తురు మేడం?"

"పుల్లతోటి గెలికినవా?"

తల ఊపిన.

"ఇంకోసారి గెలక్కు. ఉప్పు నీళ్ళు పుక్కిలించు, నాలుక తోముకో, నీళ్ళు బాగ తాగు. మాటిమాటికి వచ్చి బాధ పెడితె అప్పుడు టాన్సిల్స్ తీసేసుడు ఆలోచిద్దం." నా మొఖం చూసి ఛాతి ఫొటో గూడ తీపిచ్చింది. మచ్చ లేదు. "ఒకవేళ టీబీనే అయితె? దానికి మందున్నది. దాచుకునుడే మందు అనుకున్నవా?" అన్నది. ఆమె ముంగట నాకు తలెత్త బుద్ధి కాలె.

తిరిగి వచ్చేటప్పుడు పికప్‌ల, సిగ్నల్ దగ్గర నేనే అన్న, "మాఫ్ చెయ్యి భాయ్. నా నోరు గంత కంపు కొడుతుంది గదా. నీకు వాసన రాలేదా?"

"రాకపోవుడేంది? రెండేండ్ల సంది వస్తుంది."

"రెండేండ్లా! మరి నా పక్కకే కూసొని ఎట్ల తిన్నవ్?"

"అందుకే గద రే, ఆ ఉల్లిగడ్డలన్ని నేను తిన్నది."

మాస్కు తీసి జేబుల కుక్కిన. "మరి ఒక్కసారన్న చెప్పకపోయినవ్?"

"చెప్తె నువ్వు సిగ్గుపడి వేరె కూసుంటవని చెప్పలె," అన్నడు ఖాజా, గేరు మార్చుకుంట.

ఆ సాయంత్రం బ్యాగుల బట్టలు మళ్ళ అలమారల ఎక్కినయ్. గ్లాసు మీది గీతను పెయింట్ థిన్నర్ పెట్టి నేనే తుడిచిన. తబుకు నడుమ పెట్టినంక, అందరి ముంగట దాని మీద చెయ్యి పెట్టి ఒట్టేసిన: "ఇయ్యాల్టి సంది నా గొంతులకెళ్ళి రాయొచ్చినా, రప్పొచ్చినా, ముత్యమే వచ్చినా డబ్బాల దాచ. ముందుగాల డాక్టర్‌కు చూపిస్త, ఆ తర్వాత మా ఖాజా భాయ్‌కి చూపిస్త."

"డాక్టర్‌కు చూపిస్తె సాలు," అన్నడు ఖాజా, మెత్తటి ముక్క నా దిక్కు జరుపుకుంట. "నాకైతె వద్దు, నక్కో."