నానని తుమ్మదూలం

1952 ఎండాకాలం. అప్పుడు నేను గుంతకల్లులో ఒక టింబర్ డిపోలో పనిచేసేవాణ్ణి. వచ్చిన మొద్దును చూసి, అది ఏ పనికి పనికొస్తుందో చెప్పి రకం విడదీయడం నా ఉద్యోగం. ఆ పనిలోనే తల నెరిసింది. ఇప్పటికీ ఎవరైనా "అన్నింటికంటే గట్టి కట్టె ఏది?" అని అడిగితే నాకు చిర్రెత్తుకొస్తుంది. దేనికి గట్టి? మేకు దిగకుండా ఉండటానికా, బరువు మోయడానికా? మొదటిదాన్ని డిపోలో హార్డ్‌నెస్ అనేవాళ్లం, రెండోదాన్ని స్ట్రెంగ్త్ అనేవాళ్లం. రెండూ ఒకటే అనుకునేవాళ్లతో వాదించి వాదించి నా గొంతు సగం అరిగింది.

ఆ వేసవిలో గార్లదిన్నె దగ్గర పల్లెలో ఉన్న మా అక్కను చూడటానికి వెళ్లాను. వరసగా రెండేళ్లు వానల్లేవు. మా బావ తిమ్మప్ప ఉన్న బావినే ఇంకా లోతుకు తవ్విస్తున్నాడు. పాతమెట్లు సగంలోనే ఆగిపోతాయి, ఆ కింద అంతా నిటారు బండ. బావి మీద అడ్డంగా దూలం వేసి, దానికి గిలక వేలాడదీసి, మోకును ఎద్దులతో లాగిస్తున్నారు. రాళ్ల గంప పైకి రావాలన్నా, మనిషి దిగాలన్నా ఎక్కాలన్నా ఆ మోకే దిక్కు.

మర్నాడు మధ్యాహ్నం బావి దగ్గరికి పోయాను. కూలీలు సంగటి తినడానికి పైకొచ్చారు. ఆఖరి గంప నింపి పంపుతానని ఓబులేసు అనే అతను ఒక్కడే అడుగున ఉండిపోయాడు. అతని భార్య నారమ్మ సంగటి తెచ్చి గట్టున కూర్చుని ఉంది. ఎద్దులను తోలుతున్నది మా బావే. నన్ను చూడగానే, గంప ఇంకా సగం దూరంలో ఉండగానే ఎద్దులను నిలిపేశాడు. మా బావకు వాదన దొరికితే తిండి కూడా అక్కర్లేదు.

వాదన ఆ దూలం గురించే. అది తుమ్మ. మా బావ కిందటేడు కొట్టించి ఉంచినదాన్నే ఊరి వడ్రంగి బ్రహ్మయ్యాచారి వేశాడు. ఆచారి కూడా అక్కడే కానుగచెట్టు నీడలో కూర్చుని పారకు పిడి చెక్కుతున్నాడు. పాత మిద్దె విప్పినప్పుడు వచ్చిన టేకుదూలం ఇంట్లో ఉండగా తుమ్మ ఎందుకు వేశాడని బావ సణుగుడు.

"నువ్వే చెప్పు బామ్మర్దీ. టేకంటే రాజు గదా. రాజును ఇంట్లో పండబెట్టి ఈ ముండ్లచెట్టును బావికి ఎక్కించినాడు ఈయప్ప."

నాకు ఇంకేం కావాలి, మొదలుపెట్టాను. డిపోలో ఒకే కొలతకు చీల్చిన బద్దలను రెండు దిమ్మెల మీద పెట్టి, నడుమ బరువులు వేలాడదీసి, విరిగేదాకా చూసేవాళ్లం. టేకు బాగానే మోస్తుంది, ఎండకూ వానకూ వంకరపోదు, ఉలికి చక్కగా లొంగుతుంది. కానీ హఠాత్తుగా దెబ్బ పడితే ఓర్చుకోదు. వేప మధ్యరకం. చింతచేవ గానుగకు దిట్ట, దూలానికి మాత్రం పనికిరాదు. మన కొండల్లో పెరిగే నారేపి అన్నింటికన్నా బరువు, అన్నింటికన్నా గట్టి. మేకు కొడితే మేకే వంగుతుంది. తుమ్మ అంత గట్టిది కాకపోయినా కుదుపుకు ఓర్చుకుంటుంది, అందుకే బండిచక్రాలు దానితో చేస్తారు. పైగా విరిగేముందు మూలుగుతుంది. మనిషి పక్కకు తప్పుకునేంత వ్యవధి ఇస్తుంది. ప్రాణాలు వేలాడే చోట ఆ మూలుగే కావాలి.

ఇదంతా చెప్పి, ఆచారి పెట్టింది సరైన కట్టేనని తీర్పు ఇస్తూ దూలాన్ని అరచేత్తో చరిచాను.

చప్పుడు బోలుగా వచ్చింది. నా మణికట్టు మీద జొన్నపిండిలాంటి పొడి రాలింది.

వంగి దూలం అడుగు చూశాను. సూదిమొన పట్టేంత బెజ్జాలు, ఈ కొస నుంచి ఆ కొస దాకా. మేం బోరర్ అనే పురుగు పని అది. చెట్టు నడుమ ఉండే నల్లటి చేవను వదిలేసి, చుట్టూ ఉన్న తెల్లటి లేతకట్టెను లోపల్లోపలే పిండి చేస్తుంది. ఇదేమో లేతచెట్టు, చేవ బొటనవేలంత కూడా ఉండదు. దానికి రాళ్ల గంప వేలాడుతోంది. గంప కింద మనిషి ఉన్నాడు.

బావకు పొడి చూపించాను. వివరంగా చెప్పాల్సిన పని లేకపోయింది. బావి గోడలో తొలిచిన గూటిలోకి నక్కి కూర్చోమని ఓబులేసుకు కేకేశాడు. గంపను పైకి లాగితే కుదుపు తప్పదు, దించడమొక్కటే దారి. కపిలతో నీళ్లు తోడటానికి అలవాటుపడ్డ ఎద్దులు కాబట్టి వెనక్కి నడవడం వాటికి తెలుసు. బావ వాటి మెడలు నిమురుతూ ఒక్కొక్క అడుగే వెనక్కి నడిపించాడు. నేను దూలానికి చెవి ఆనించి నిలబడ్డాను. ఒక్క మూలుగు లేదు. విరిగేముందు చెబుతుందని ఇందాకే నేను పొగిడిన తుమ్మ అది. పురుగు తిన్న కట్టెకు గొంతు ఉండదని అప్పుడు తెలిసింది.

గంప అడుగును తాకింది, మోకు వదులైంది.

గట్టు మీదుగా మోకు వేసి మనిషిని లాగుదామంటే అంచున పేర్చిన రాళ్లు అతని నెత్తినే పడతాయి. ఇంకో దూలం కావాలి. బావ టేకు కోసం పరుగెత్తబోతే ఆపాను. దాని నడిమధ్యలో పాత స్తంభం కోసం తొలిచిన పెద్ద బెజ్జం ఉంది, పొద్దున్నే చూశాను. గొడ్లపాకలో నారేపి వాసం ఒకటి ఉంది, వంకరది, ఎవరూ లెక్కచెయ్యనిది. కూలీలు దాన్ని పీక్కొచ్చారు. నారేపి విరిగితే చెప్పి విరగదు. కానీ దాని చేవలో పురుగు పన్ను దిగదు. ఆ పూటకు నాకు అది చాలు. గిలకను దానికి మార్చి ఓబులేసును పైకి లాగాం.

తర్వాత తుమ్మదూలాన్ని తీసేద్దామని ఒక కొస ఎత్తారు. అది తన బరువుకే నడిమికి విరిగి బావిలో పడింది. కిందినుంచి పొగలాగా పిండి లేచింది. ఓబులేసు తొంగిచూసి గట్టు నుంచి నాలుగడుగులు వెనక్కి జరిగాడు.

తుమ్మను కొట్టగానే చెరువు నీళ్లలో నెలల తరబడి ముంచి ఉంచుతారు. అట్లా నానితే పురుగు రాదు. మా భాషలో సీజనింగ్ అంటే కట్టెను పనికి సిద్ధం చేయడం, ఈ వైపు దానికి మొదటి మెట్టు ఈ నానబెట్టడమే. ఇది నానిందా అని ఆచారిని అడిగాను.

"తీసుకునేటప్పుడే అడిగితినప్పా. నానిందన్నాడు" అని ఆచారి మా బావ వైపు చూశాడు.

"నానిందనే అంటి. నానని తుమ్మ యాడన్నా ఉంటాదా?" అన్నాడు బావ.

గట్టు మీద నుంచి చెరువు కనిపిస్తూనే ఉంది. నెర్రెలు బారిన నేల, దాని మీద మేకలు. "యా నీళ్లలో నానింది బావా?" అన్నాను. ఆయన చెరువు వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఆయన అబద్ధమాడలేదు. బాగుండావా అంటే బాగుండానన్నట్టు, తాతల నాటినుంచి నానిందా అంటే నానిందనే అంటున్నారు. నీళ్లు లేని ఏడు కూడా ఆ ప్రశ్నా ఆ జవాబూ ఎండిపోలేదు.

నారమ్మ మొగుడి తలరుమాల విప్పి దులుపుతోంది. దాంట్లోంచి అదే పొడి రాలింది.

"ఈ పిండి శానా దినాల నుంచి వస్తాండాదన్నా. రాతిదుమ్మేమో అనుకొని రోజూ దులిపి పారేస్తాంటి" అంది.

ఆ మాటకు దూలం విరిగినప్పటికంటే ఎక్కువ అదిరిపోయాను. అందరం కట్టె పేరు గురించి కొట్లాడుతుంటే, ఆ దూలం లోపల ఏముందో రోజూ ఈమె చేతుల్లోకి రాలుతూనే ఉంది.

హార్డ్‌నెస్, స్ట్రెంగ్త్ ఇప్పటికీ అడిగినవాళ్లకు చెబుతూనే ఉన్నాను. ఆ లెక్కలు తప్పు కావు. కానీ కొట్టిన తర్వాత ఆ కట్టెకు ఏం జరిగిందో వాటిలో ఉండదు. అందుకే ఎక్కడికైనా దూలం చూడటానికి పిలిస్తే నేను ముందు పైకి చూడను. దాని కింద పనిచేసేవాళ్ల తలరుమాల తెచ్చి, నా ముందు దులపమంటాను.