రాళ్ల డబ్బా ఆగిన మధ్యాహ్నం

నా చిన్నప్పుడు హనుమకొండలోని మా ఇంట్లో పగలూ రాత్రీ ఆగని చప్పుడొకటి ఉండేది. వెనక గది మూలన, పాత గ్రైండరు మోటారుకు బిగించిన రబ్బరు డబ్బా పొర్లుతూ ఉండేది. దాని నిండా రాళ్లు, నీళ్లు, సానపట్టే గరుకు పొడి. ఆ రాళ్లు గరగరమంటూ ఒకదాన్నొకటి అరగదీసుకునేవి. ఇంటికి వచ్చిన చుట్టాలు మొదటి రాత్రి నిద్ర పట్టక లేచి కూర్చునేవారు. మాకు మాత్రం అది ఆగితే మెలకువ వచ్చేది.

ఆ డబ్బా మా చిన్నాయనది. సుబేదారిలో ఒక ఆఫీసులో గుమాస్తా. పెళ్లి మీద పెట్టాల్సిన శ్రద్ధంతా రాళ్ల మీద పెట్టాడని మా అమ్మ దెప్పేది. సెలవు దొరికితే చాలు, పాలంపేట దాటి ఇంకా అవతలి అడవుల్లోకి పోయి, వాగుల వెంట తిరిగి సంచి నిండా రాళ్లు మోసుకొచ్చేవాడు. చూడ్డానికి అవి విరిగిన కట్టెముక్కల్లాగే ఉండేవి. బెరడు గీతలు, కొమ్మ విరిగిన కణుపులు అన్నీ ఉండేవి. పొయ్యిలో పెడదామని ఎత్తితే చెయ్యి కిందికి లాగేసేంత బరువు. వారాల తరబడి డబ్బాలో పొర్లి బయటికొచ్చాక వాటి రూపమే మారిపోయేది. తేనె రంగు, కుంకుమ రంగు, నలుపు. లోపల చెట్టు వలయాలు సన్నగా, తడి ఆరనట్టు మెరుస్తుండేవి.

చెట్టు రాయి ఎలా అవుతుందని అడిగితే పక్కన కూర్చోబెట్టుకొని చెప్పేవాడు. చెట్టు కూలి బురదలో మునుగుతుందట. ఆ బురద నీళ్లు దాని సందుసందులోకీ దిగి, దిగిన చోటల్లా ఇంత పూత వదిలిపెడతాయట. పైనుంచి చూసేవాళ్లకు ఏమీ తెలియదట. చివరికి కట్టె ఉండదు, కట్టె ఆకారంలో రాయి ఉంటుంది. “దానికి తొందర లేదు బిడ్డా” అనేవాడు. నాకెందుకో ఆ మాట నచ్చేది కాదు. పడుకునే ముందు కాళ్లూ చేతులూ ఒకసారి ఆడించి చూసుకునేదాన్ని.

నాయిన వాళ్లమ్మ, మా బాపమ్మ మంచం కూడా ఆ వెనక గదిలోనే. తుంటి ఎముక విరిగి దవాఖాన నుంచి వచ్చాక ఆమె మళ్లీ నడవలేదు. లేపడానికి, దింపడానికి వీలుగా ఉంటుందని దవాఖానలో ఉండేలాంటి ఇనుప మంచమే కొన్నారు. ముందు గదుల కంటే ఆ గది పల్లంలో, పెరటి మట్టానికి ఉండేది. పెరట్లో పడ్డ నీళ్లన్నీ మూలనున్న మోరీ తూములో పడి, ఆ గది కింద పోయే గొట్టం గుండా వీధి కాలువలో కలవాలి. రాళ్లు కడిగినప్పుడల్లా చిన్నాయన ఆ బూడిదరంగు బురదను అదే మోరీలో పోసేవాడు. వెనకాలే బకెట్టు నీళ్లు కొట్టి, శుభ్రంగా పోయిందని మురిసేవాడు.

బాపమ్మకు ఆ డబ్బా అంటే ఒళ్లు మంట. “నా నెత్తిలనే తిరుగుతాంది ఆ గిర్ని” అని రోజూ తిట్టేది. ఆ ఎండాకాలం చివర ఆమె ఇంకో మాట మొదలుపెట్టింది. “మోరి మింగుతలేదురా, జర చూడుండ్రి.” గొట్టం ఆమె మంచం కిందుగా పోయేది కాబట్టి నీళ్లు దిగే చప్పుడు ఆమెకు వినబడేది. మునుపు గటగటా తాగేదట. తర్వాత గుటకలు వేసిందట. ఇప్పుడు గొంతులో పట్టుకున్నట్టు ఉందట. మంచంలో ఉన్నవాళ్లకు ఏవేవో వినబడతాయని మా నాయిన నవ్వి ఊరుకున్నాడు. నిజానికి స్నానం చేసిన నీళ్లు పెరట్లో చాలాసేపు నిలిచి ఉండేవి. మోరీలోంచి జెర్రులు పైకి పాకి వచ్చేవి. అమ్మ వాటిని చీపురుతో కొట్టి అవతల పారేసి పనిలో పడిపోయేది.

ఆషాఢంలో ఒక రోజు అమ్మా నాయినా రఘునాథపల్లిలో చుట్టాలింటికి పోయారు. చిన్నాయన ఆఫీసులో ఉన్నాడు. జ్వరం అప్పుడే తగ్గిందని నన్ను బడికి పంపలేదు. ఇంట్లో బాపమ్మా నేనూ మాత్రమే ఉన్నాం. పొద్దుటి నుంచీ ఆకు కదల్లేదు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక మబ్బు కమ్ముకొచ్చి పట్టపగలే ఇల్లు చీకటైంది. పెద్ద ఉరుము ఉరిమి కరెంటు పోయింది. డబ్బా ఇంకాస్త పొర్లి ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం నాకు బొత్తిగా నచ్చలేదు. పక్కన పడుకున్న మనిషి ఊపిరి ఆపేసినట్టు అనిపించింది. అంతలోనే వాన కురవడం మొదలైంది. చూస్తుండగానే పెరడు నిండిపోయింది. మోరీ దగ్గర చిన్న సుడి కూడా తిరగలేదు. నీళ్లు గడప దాటి, ఏ హడావుడీ లేకుండా, బాపమ్మ గదిలోకి వచ్చాయి. ముందు నా చెప్పులు తేలాయి. తర్వాత డబ్బా పక్కన నేల మీద ఉన్న కరెంటు బోర్డు మునిగింది. మోటారు వైరు ఇంకా దానికే తగిలించి ఉంది. ఇనుప మంచం కాళ్లు సగం దాకా నీళ్లలో ఉన్నాయి. నేను ముందు గది నుంచి దిగే మెట్టు మీద నిలబడి అన్నీ చూస్తూనే ఉన్నాను గానీ, బాపమ్మ మునిగిపోతుందన్న ఆలోచన తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు.

“బాపమ్మా, నేనొస్తాన్న” అని కాలు ముందుకు పెట్టబోయాను. ఆమె తలాపునున్న ఇత్తడి చెంబు అందుకొని నా మీదికి విసిరింది. అది మెట్టుకు తగిలి ఖంగుమని మోగి నీళ్లలో పడింది. “కాలు ఎనుకకు తియ్యి! తియ్యమంటాన్ననా!” అని అరిచింది. అంతకు ముందు ఎన్నడూ నా మీద గొంతు పెంచని మనిషి. నాకు ఏడుపొచ్చింది.

నేను ఏడవడం చూసి ఆమె గొంతు మార్చింది. రోజూ సణిగే గొంతే. “కరెంటొస్తె ఆ గిర్ని మళ్ల షురూ చేస్తది. నన్ను జర కన్ను మూయనియ్యది. పో, ముంగటర్రల మెయిన్ కిందికి గుంజిరా. కాళ్లు తుడుసుకొని కర్ర స్టూలెక్కు. పప్పుగుత్తితోని గుంజు, చెయ్యి పెట్టకు.”

నాకు ఒళ్లు మండిపోయింది. మంచం చుట్టూ నీళ్లుంటే ఈ ముసలామెకు నిద్ర కావాలట! అయినా చెంబు దెబ్బ భయం ఉంది కాబట్టి పోయాను. ముక్కు ఎగబీలుస్తూ, గొణుక్కుంటూ, స్టూలెక్కి పప్పుగుత్తితో మెయిన్ స్విచ్చి మొండి పిడిని వేలాడి మరీ కిందికి లాగాను. తిరిగి వచ్చేసరికి ఆమె మోచేతుల మీద లేచి నా కోసమే చూస్తోంది. నిజంగా గుంజానా అని అడిగింది. మళ్లీ అడిగింది. తన మీద ఒట్టు పెట్టించుకుంది. అప్పుడు గానీ “ఇగ రా బిడ్డా” అనలేదు.

చల్లటి నీళ్లలో నడిచి పోయి మంచమెక్కాను. ఆమె నన్ను దగ్గరికి లాక్కుంది. ఇంకా సర్దుకొని కూర్చోలేదు, పక్కింట్లో రేడియో ఒక్కసారిగా గట్టిగా మోగింది. వాళ్ల బల్బు వెలుగు మా కిటికీ మీద పచ్చగా పడింది. వీధంతా కరెంటు వచ్చింది. మా ఇల్లు మాత్రం చీకట్లోనే ఉంది. బాపమ్మ ఒళ్లంతా వణికింది. చలేస్తోందా అని అడిగాను. “ఆఁ, సలే” అంది.

చిన్నాయన తడిసి ముద్దయి వచ్చాడు. మెట్టు మీద నిలబడి నీళ్లలో మునిగిన బోర్డునూ, వైరునూ, ఇనుప మంచాన్నీ, దాని మీద మమ్మల్నీ చూశాడు. పరుగున ముందు గదికి పోయాడు. తిరిగి మెల్లగా వచ్చాడు. మెయిన్ ఎవరు దించారని అడిగితే, నేనే దించానని, బాపమ్మకు నిద్ర కావాలందని గొప్పగా చెప్పాను. అతను ఆ నీళ్లలోనే మెట్టు మీద కూలబడ్డాడు. “దీనికి చెప్పలేదా అమ్మా?” అన్నాడు. “చెప్తె దానికి కాళ్లు సేతులు ఆడకపోతుండె. ఆ భయం నా కాడనే ఉండనిచ్చిన” అంది బాపమ్మ. ఆ మాటతో నాకు అంతా అర్థమైంది. ఆ సాయంత్రం జ్వరం మళ్లీ తిరగబెట్టింది.

వాన వెలిశాక నేల తవ్వించారు. గొట్టం పగలగొడితే లోపల గొట్టం ఆకారంలోనే బూడిదరంగు రాయి ఉంది. పొర మీద పొర, అచ్చం చెట్టు వలయాల్లాగే. బాపమ్మ దాన్ని చేతికిమ్మని అడిగి, తడిమి చూసి, “తొందర లేదంటివి గదరా” అంది చిన్నాయనతో. రాళ్ల పిచ్చి మాత్రం అతను మానలేదు. డబ్బాను పెరట్లో ఎత్తు దిమ్మె మీదికి మార్చి, బురదను ఊరవతల గుంటలో పారబోసి వచ్చేవాడు.

వాళ్లిద్దరూ ఇప్పుడు లేరు. చిన్నాయన నునుపు చేసిన రాళ్లు నా దగ్గర ఒక గాజు గిన్నెలో ఉన్నాయి, వచ్చిన వాళ్లంతా వాటినే మెచ్చుకుంటారు. మోరీలో దొరికిన ఆ మొద్దురాయి మా తలుపు కొట్టుకోకుండా ఆపుగా ఉంది. దాని గురించి ఎవరూ అడగరు. మొన్నటి వానల్లో మా వీధిలో నీళ్లు గడప దాకా వచ్చి, కరెంటు పోయి, ఇల్లంతా నిశ్శబ్దమైంది. పిల్లలు ఊళ్లో లేరు, మనవరాలు నాతో ఉంది. నీళ్లు చూద్దామని అది తలుపు వైపు పరిగెత్తబోయింది. గదమాయించి ఆపాను. ఫ్యాను గాలి నాకు పడడం లేదని, స్టూలెక్కి మెయిన్ దించి రమ్మని చెప్పాను. “కరెంటే లేదు కద అమ్మమ్మా, నీకేమన్న పిచ్చా” అని విసుక్కుంటూ పోయింది. అది తిరిగి వచ్చాక నిజంగా దించావా అని అడిగాను. మళ్లీ అడిగి, నా మీద ఒట్టు పెట్టించుకున్నాను.