రెండు వేళ్ల నోరు

ఆ ఆదివారం సాక్ష్యం చెప్పడానికి లేచినప్పుడు నా మనసులో ఉన్న అంకె నాలుగు. నోట్లోంచి వచ్చింది నలభై.

నాచారంలో మేం వెళ్లే ప్రార్థనా మందిరం ఒక స్టీలు సామాన్ల దుకాణం పైన ఉంటుంది. పాటలయ్యాక పాస్టరు అయ్యగారు సాక్ష్యాలకు సమయం ఇస్తారు. దేవుడు తనకు చేసిన మేలు గురించి ఎవరైనా లేచి చెప్పవచ్చు. మాలో ఇంకో అలవాటు కూడా ఉంది. ఇంకా జరగని మేలును జరిగినట్టే చెప్పి కృతజ్ఞత చెల్లిస్తాం. ఉద్యోగం రాకముందే వచ్చిందని, జ్వరం తగ్గకముందే తగ్గిందని చెబుతారు. అయితే అలా చెప్పేవాళ్లు ముందు ఒక మాట అంటారు, "విశ్వాసంతో చెప్తున్న" అని. దాంతో అందరికీ సంగతి అర్థమవుతుంది. అందులో మోసమేమీ లేదు.

నాకు ఇరవై ఏళ్లుగా ఖైనీ అలవాటు. అరచేతిలో తంబాకు, సున్నం వేసి బొటనవేలితో నలిపి కింది పెదవి లోపల పెట్టుకుంటాను. ఆ వారం నాలుగు రోజులు మానేశాను. "నాలుగు దినాలైంది, నా కోసం ప్రార్థన చేయండి" అని చెప్పి కూర్చుందామనే లేచాను. ముందు వరుసల్లో తలలు నా వైపు తిరిగాయి. ఆడవాళ్ల వైపు నుంచి నా భార్య చూస్తోంది. ఆ చూపుల ముందు నాలుగు మరీ చిన్నగా అనిపించింది. "ఖైనీ ఇడిసిపెట్టి నలభై దినాలైంది" అన్నాను. విశ్వాసంతో అన్న మాట మాత్రం అనలేదు.

చప్పట్లు మోగాయి. వెనక నుంచి ఎవరో స్తోత్రం అన్నారు. మెట్లు దిగుతుంటే నా భార్య కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాచారంలోనే నేను పనిచేసే కంపెనీలో తప్ప ఖైనీ పెట్టుకోను, ఇంట్లో ముట్టను. ఎప్పుడు మానానో ఎప్పుడు మొదలుపెట్టానో ఆమెకు తెలిసే దారి లేదు.

"నాకన్న చెప్పలేదేందయ్యా ఇన్ని దినాలు?"

"పూర్తిగ అయినంక చెప్దామనుకున్న."

ఆ మాట అంత సులువుగా ఎలా వచ్చిందో అని ఇప్పుడు నివ్వెరపోతాను. ఆ రోజు మాత్రం భయం కూడా వేయలేదు. మధ్యాహ్నం ఆమె కోడికూర చేసింది. తిని పడుకుంటే ఎన్నో ఏళ్లుగా పట్టనంత హాయిగా నిద్ర పట్టింది. నలభై రోజుల తర్వాత రావలసిన సంతోషం నాలుగో రోజే వచ్చేసింది. మిగిలిన ముప్పై ఆరు రోజులు దేనికో నా ఒంటికి అర్థం కాలేదు. సోమవారం టీ టైముకి కంపెనీ గేటు పక్క పాన్ డబ్బా దగ్గర చెయ్యి చాపాను.

ఇది మొదటిసారి కాదు. దూరవిద్యలో డిగ్రీ కడుతున్నానని మా అట్టపెట్టెల కంపెనీలో అందరికీ చెప్పాను. సూపర్‌వైజరు భుజం తట్టాడు. పుస్తకాలు ఇప్పటికీ మంచం కింద ఉన్నాయి. పొద్దున్నే స్టేడియం దాకా నడుస్తానని బూట్లు కొని పక్కింటివాళ్లకు చూపించాను. ఆ బూట్లేసుకుని రెండు పెళ్లిళ్లకు వెళ్లాను. చెప్పగానే నలుగురూ మెచ్చుకునేవాళ్లు. ఆ మెప్పుతో పని అయిపోయినట్టే ఉండేది. ఇన్నాళ్లూ దానివల్ల నష్టపోయింది నేనొక్కణ్ణే.

మంగళవారం సాయంత్రం మా బామ్మర్ది వచ్చాడు. నా భార్యకు తమ్ముడు, ముప్పై నాలుగేళ్లు. ఉప్పల్ మెట్రో దగ్గర నుంచి చెంగిచెర్లకు షేరింగ్ ఆటో నడుపుతాడు. నాది ఖైనీ అయితే అతనిది గుట్కా. రోజుకు పది పొట్లాలు నమిలే మనిషి. ఆదివారమే వాళ్లక్క ఫోన్ చేసి నా సాక్ష్యం సంగతి చెప్పేసిందట.

"బావ, జర నా నోరు సూడు" అని తెరిచాడు. మొత్తం తెరిచినట్టే మెడ నరాలు బిగిశాయి. నోరు మాత్రం సగమే తెరుచుకుంది.

"డాక్టర్ మూడు వేళ్లు నిలువుగ పెట్టమన్నడు. అందరికి పోతయంట. నాయి రెండే పోతున్నయ్."

"మీ అక్క నోరు గూడ గట్ల అయితే ఎంత బాగుండు" అన్నాను.

"నా నోరు సంగతి తర్వాత. ముందుగాల వాని నోరు సూడు" అంది ఆమె.

అతను మూడు వేళ్లు కలిపి పళ్ల మధ్య పెట్టుకోబోయాడు. మూడో వేలి గోరు పంటికి తగిలి ఆగిపోయింది. నా నవ్వు కూడా ఆగిపోయింది. గుట్కాకు బుగ్గల లోపల కండ గట్టిపడిపోయిందని డాక్టరు చెప్పాడట. ఇప్పుడు మానేస్తే ఉన్నచోట ఆగుతుంది. మానకపోతే ఒక వేలికి వస్తుంది, ఆ తర్వాత ముద్ద కూడా పోదు. ఈమధ్య మిర్చి బజ్జీని చీల్చి, నొక్కి తింటున్నాడట.

"ఇంతకుముందు రెండుసార్లు ఇడిసిన బావ. మూడో దినానికే మళ్ల ఏస్కున్న. నువ్వు నలభై దినాలు ఎట్లున్నవో చెప్పు. గట్లనే జేస్త."

"చెప్పయ్యా" అంది నా భార్య, నాకన్నా గర్వంగా.

నిజం అప్పుడే చెప్పాల్సింది. గదిలో ఉన్నది మేం ముగ్గురమే. నేను గొంతు సవరించుకుని, "మొదటి వారమే కష్టం" అన్నాను.

మర్నాటి నుంచి రోజూ పదకొండు గంటలకు ఫోన్ చేసేవాడు. ఉప్పల్‌లో ఆటోలు వరసలో నిలబడి వంతు కోసం చూసే వేళ అది, మాకు టీ టైము. "ఐదో దినం నీకెట్లుండె బావ?" అని అడిగేవాడు. నేను ఎన్నడూ చూడని ఐదో రోజును తలనొప్పితో సహా వర్ణించేవాణ్ణి. సోంపు జేబులో పెట్టుకోమన్నాను. నీళ్లు గుక్క గుక్కగా తాగమన్నాను. తొమ్మిదో రోజు నిద్ర పట్టదు, పదో రోజు పడుతుంది అన్నాను. పదకొండో రోజు ఫోన్ చేసి, "నువ్వన్నట్టే అయింది బావ, రాత్రి మంచిగ పండుకున్న" అన్నాడు. నా నోట పుట్టిన అబద్ధం ఇంకొకరి ఒంట్లో నిజమవుతోంది.

ఒక్కోసారి పక్క ఆటోవాళ్ల మాటలు కూడా వినిపించేవి.

"ఏందన్నా, పెండ్లిభోజనం జేసినట్టు పొద్దుగాల్నే సోంపు నములుతున్నవ్?"

"నీకేం తెలుసురా. మా బావ నలభై దినాలున్నడు."

మా బావ అనే ఆ మాట వినిపించినప్పుడల్లా, పెదవి కింద ఉన్నది ఉమ్మేసి ఆ రోజు నుంచే మానేద్దామనుకునేవాణ్ణి. రేపు మానితే ఎల్లుండికి రెండు రోజులవుతుంది, ఇద్దరం కలిసి మానుతున్నట్టే ఉంటుంది కదా అని లెక్క వేసుకునేవాణ్ణి. ఆ రేపు రాలేదు.

ఇరవై రెండో రోజు కంపెనీ గోడ నీడలో నిలబడి ఉండగా ఫోన్ మోగింది.

"ఇయ్యాల పాణం గుట్కా దిక్కు మస్తు గుంజుతుంది బావ."

"గుంజుతది. నాకు గూడ ఇరవై రెండోనాడు గట్లనే గుంజింది. లవంగం నాలుక కింద పెట్టుకో, పది నిమిషాలల్ల పోతది."

"పోతదా?"

ఆ మాట ఫోన్‌లో వినిపించింది, వీపు వెనక నుంచి కూడా వినిపించింది. తిరిగి చూశాను. ఐదడుగుల దూరంలో అతని ఆటో ఆగి ఉంది. నాచారానికి ఎవరినో దింపడానికి వచ్చి, నన్ను చూసి, పరాచికానికి వెనక నుంచి ఫోన్ చేశాడు. ఫోన్ ఇంకా చెవికే ఉంది, ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. నా కింది పెదవి ఉబ్బి ఉంది. ఎడమ అరచేతిలో సున్నం మరక.

నేను మాట్లాడబోయాను.

"ముందుగాల ఉమ్ము బావ" అన్నాడు. "ఉమ్మి మాట్లాడు."

గోడ వైపు తిరిగి ఉమ్మాను. ఒక మనిషి చూస్తుండగా అలా ఉమ్మడం కన్నా చెంపదెబ్బ తినడం నయం.

"ఎన్ని దినాలున్నవ్ నిజంగ?"

"నాలుగు."

"నలభైల నాలుగా?"

"మొత్తమే నాలుగు."

"మరి తొమ్మిదోనాడు నిద్ర పట్టదంటివి. పదిహేనోనాడు యాదికి గూడ రాదంటివి."

"ఊకెనే చెప్పిన. తోచినట్టు చెప్పిన."

కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. ఆటో హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు. "అంటే ఇన్ని దినాలు నేనొక్కణ్ణే ఉన్ననా" అన్నాడు, నాతో కాదు. తర్వాత ఆటో తిప్పుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పదకొండుకు ఫోన్ రాలేదు. నేను చేస్తే ఎత్తలేదు. అతను మళ్లీ పొట్లం చించి నోట్లో పోసుకుంటున్నట్టు రోజంతా కళ్ల ముందు కనిపించింది. అంత భయంలో ఉన్నవాడు ఏం చేయాలి? నేను ఆ భయానికి రెండు మార్లు ఖైనీ పెట్టుకున్నాను. ఉన్నదున్నట్టు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

శనివారం నా భార్యకు చెప్పేశాను. బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టింది. తిట్టలేదు. "వాడు మళ్ల ఏస్కుంటే?" అని ఒక్కటే అడిగింది. ఆమె మళ్లీ చేట తీసుకుంది. సోమవారం దాకా నాతో మాట్లాడలేదు.

ఆదివారం మందిరంలో లేచాను. మొదటిసారి చెప్పింది అబద్ధమని, నా మాట నమ్మి ఒక మనిషి నోరు కాపాడుకుంటున్నాడని, అతనికి కూడా అబద్ధమే చెప్పానని చెప్పాను. ఎవరో ఆమేన్ అన్నారు. ఇంకెవరో అందుకున్నారు. అయ్యగారు కళ్లద్దాలు తీసి, ఇలా ఒప్పుకునే ధైర్యం అందరికీ రాదన్నారు. చప్పట్లు మోగాయి.

నా జీవితంలో నేను నిజంగా బెదిరిపోయింది అప్పుడే. ఆ చప్పట్లకు నా ఛాతీలో మళ్లీ అదే తీపి పాకింది, కోడికూర తిన్న మధ్యాహ్నం లాగే. పని అయిపోయినట్టు ఒంట్లో హాయి. నేను చేసిందేమీ లేదు. ఆ పొద్దున కూడా ఖైనీ పొట్లం చొక్కా జేబులోనే ఉంది. ఒప్పుకోవడం కూడా నాకు ఇంకో సాక్ష్యమైపోతోంది.

చివరి పాట దాకా ఆగలేదు. మెట్లు దిగి, పొట్లం మురుగు మోరీలో పారేసి, బస్సెక్కి ఉప్పల్‌లో దిగాను. మెట్రో కింద ఆటోల వరసలో అతని బండి లేదు. మా బామ్మర్ది గురించి అడిగితే ఒక కుర్ర డ్రైవర్ నన్ను ఎగాదిగా చూశాడు, సోంపు గురించి ఎగతాళి చేసేది బహుశా ఇతనే.

"నువ్వేనా ఆ నలభై దినాల బావ?"

"నేనే."

"సవారి ఏస్కొని పోయిండు. కూసో, వస్తడు" అని నవ్వు ఆపుకుంటూ పక్కకు జరిగాడు.

ముప్పావుగంటకు వచ్చాడు. నేను అతని ముఖం చూడలేదు, నోరే చూశాను. బుగ్గ ఉబ్బి లేదు. పళ్ల మీద కొత్త ఎరుపు లేదు.

"ఏస్కున్నవా?" అని అడిగాను.

"లేదు."

"నా మీద కోపం లేదా?"

"ఎందుకు లేదు? మస్తుంది. కానీ కోపమొస్తే ఏస్కోబుద్ధైతది. అందుకే జర ఆగి కోప్పడదామనుకుంటున్న." సీటు కింద నుంచి నీళ్ల సీసా తీసి గుక్క గుక్కగా తాగాడు. "నువ్వో?"

పొద్దున మందిరంలో ఏం చేశానో చెప్పబోయాను. చప్పట్ల సంగతి నాలుక దాకా వచ్చింది. మింగేశాను.

"నిన్న ఏస్కున్న. ఇయ్యాల ఇంక ఏస్కోలే."

"ఇప్పుడు టైమెంత?"

"పన్నెండున్నర."

"అయితే పన్నెండున్నర దాకనే చెప్పు" అన్నాడు. "రేపటిది రేపు చెప్దువు. నేనే జేస్త ఫోన్."

చేశాడు. అయితే ఇప్పుడు అడిగేది అతను కాదు, నేను. ఐదో రోజు ఎలా ఉంటుందని అడిగితే నిజంగా గడిపిన మనిషి చెప్పాడు, తలనొప్పి కాదు, ఊరికే ఏడుపొస్తుందని. ఆరో రోజు ఓడిపోయాను. అదే రోజు ఫోన్‌లో చెప్పాను. "సరే, మళ్ల ఒకటో దినం" అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు, మెచ్చుకోలేదు కూడా.

రెండు నెలలకు అతణ్ణి దవాఖానాకు తీసుకెళ్లాను. ఈసారి చూసిన డాక్టరమ్మ నోరు తెరవమని చిన్న స్కేలు పెట్టి కొలిచి, పాత చీటీ చూసి, మళ్లీ కొలిచింది. ఇంత కష్టపడ్డాడు, మూడో వేలు కూడా నోట్లోకి పోతుందని నాలో ఎక్కడో ఆశ.

"అట్లనే ఉంది" అంది ఆమె. "నోరు తెరుచుకునేది పెరగలేదు. కానీ తగ్గలేదు కూడా, అదే మంచిది. నోటి ఎక్సర్‌సైజులు రాసిస్తా, రోజూ చెయ్యి."

బయట మెట్ల మీద నా ముఖం చూసి అతనికి అర్థమైనట్టుంది.

"ఏంది బావ, గట్ల ఉన్నవ్?"

"ఇన్ని దినాలు ఉపాసమున్నట్టు ఉంటివి. రెండు వేళ్లు రెండే ఉన్నయ్."

"ఒకటి కాలేదు గద" అన్నాడు. ఆటో తాళంచెవి జేబులోంచి తీశాడు. "పోదాం పా. వంతు పోతది."